గురక మీద ఏడుపు

కొత్త హీరోయిన్‌కి ఆ రోజు ఏడుపు పరీక్ష. చనిపోయిన తండ్రి మీద పడి ఏడవాలి. ఒక్క టేకులో ఏడవకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటానని దర్శకుడు పొద్దున్నే చెప్పేశాడు. తండ్రి వేషం వేసిన పెద్దాయనకు చచ్చే పాత్రలే బతుకుతెరువు. మూడు సినిమాల్లో మార్చి మార్చి చస్తూ, నిద్రకి మొహం వాచిపోయి ఉన్నాడు.

కెమెరా తిరిగింది. శవం సన్నగా గురక మొదలుపెట్టింది.

పాత్రలో జీవించడమంటే మరీ ఇంతలానా అనుకుంది హీరోయిన్. ఆపితే టేకు పోతుంది, టేకుతో పాటు తనూ పోతుంది. అందుకని జుట్టు విరబోసి ఆయన మొహం కప్పేసి, గురక లేచినప్పుడల్లా "నాన్నా" అంటూ దాన్ని మించి గొంతెత్తింది. గురక పెరిగింది, ఏడుపూ పెరిగింది. ఎగిరిపడుతున్న శవం పొట్టను రెండు చేతులా అదిమి పట్టుకుంది. లైట్లవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"కట్," అన్నాడు దర్శకుడు ముక్కు చీదుకుంటూ. "ఇంత ఏడుపు ఎక్కడ దాచావమ్మా? ఇక నిన్ను మార్చేది లేదు."

శవం ఉలిక్కిపడి లేచి కూర్చుంది. నోట్లోంచి ఆమె వెంట్రుకలు తీసుకుంటూ అడిగింది: "ఏంటమ్మా ఆ ఏడుపు? ఎవరు పోయారు?"

"ఇంకాస్తయితే నేనే పోయేదాన్ని, బాబాయ్ గారూ," అంది హీరోయిన్.