ఒకసారి నొక్కితే అవును

వీధిలో అందరూ ఆమెను బ్రేకమ్మ అనేవారు. కారు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ల పక్కన కూర్చుని రోజుకు వందసార్లు "బ్రేకమ్మా, బ్రేకు!" అని అరిచేది మరి. ఆ కేక మూడు సందుల అవతలికి వినిపించేది. మొగుడు దర్జీ, మాట తక్కువ మనిషి. "మా ఇంట్లో నోరు ఆవిడది, సూది నాది" అని నవ్వేవాడు.

పక్షవాతం వచ్చి ఆమెకు మాట పడిపోయింది. కుడి పక్కంతా చచ్చుబడింది. ఎడమ చెయ్యి మాత్రం కాస్త ఆడేది.

ఆసుపత్రి నుంచి తెచ్చిన వారానికి, ఏం చెయ్యాలో తోచక, దర్జీ కారు తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె బొటనవేలితో మీట నొక్కింది. కిటికీ కింద కారు 'కుయ్' మంది. వంకర తిరిగిన మూతితోనే ఆమె నవ్వింది. ఆనాటి నుంచి అదే వాళ్ల భాష. ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లయితే కాదు.

"ఆకలేస్తోందా?"

కుయ్.

"మీ అక్కని రమ్మననా?"

కుయ్, కుయ్.

దర్జీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

ఒక గురువారం కారు పలకలేదు. ఆమె మళ్లీ నొక్కింది, మొగుడి వంక చూసింది, మళ్లీ నొక్కింది. అతని ముందు బడిపిల్లల చొక్కాలు గుట్టగా ఉన్నాయి.

"కారు పాడైనట్టుంది. మెకానిక్‌ని పిలుస్తాలే, ఈ పని అవనీ" అన్నాడు మిషను ఆపకుండా.

రెండు రోజులు ఆమె నొక్కుతూనే ఉంది. మూడో రోజు పొద్దున తాళంచెవి నేల మీద కనిపించింది. తీసి అల్మారాలో పెట్టాడు. ఆమె గోడవైపు చూస్తూ పడుకుంది, చెంచా పెదవులకి తగిలించినా తనంతట తాను నోరు తెరవలేదు. అలిగిందనుకున్నాడు. పెళ్లయిన కొత్తల్లోనూ ఇలాగే అలిగేది.

ఆ తర్వాతి శుక్రవారం వదిన, అంటే ఆమె అక్క, చూడటానికి వచ్చింది. సంగతంతా విని నుదురు కొట్టుకుంది.

"కారుకేం కాలేదు మరిదీ! తాళంచెవిలో కూడా బ్యాటరీ ఉంటుంది. మార్చావా?"

దర్జీ అల్మారాలోంచి తాళంచెవి తీశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా గడియారాల కొట్టుకి పరుగెత్తాడు. కొట్టతను సన్నటి స్క్రూడ్రైవరు దూర్చి తాళంచెవిని రెండు చిప్పలుగా విడదీశాడు. లోపల కోటు గుండీ అంత బ్యాటరీ. పాతది తీసి, కొత్తదాన్ని తుడిచి పెట్టి, చిప్పలు నొక్కి మూశాడు.

"అయిపోయింది మాస్టారూ."

"ఇంతేనా?"

"ఇంతే. రెండు నిమిషాల పని."

ఆ మాటకి దర్జీ అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. కొట్టతను మంచినీళ్లిచ్చాడు.

ఇంటికొచ్చి తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు. "పలుకుతుంది చూడు. నీ వేలు తప్పేం లేదే, బ్యాటరీ అయిపోయింది, అంతే. నొక్కు."

తాళంచెవి జారిపోయింది. మళ్లీ పెట్టి వేళ్లు మూశాడు. అవి మూసుకుని నిలవలేదు.

వదిన డాక్టర్ని పిలిపించింది. ఆయన ఆ చెయ్యెత్తి వదిలితే అది పరుపు మీద దబ్బున పడింది.

"పక్షవాతం ఇంకోసారి వచ్చినట్టుంది. ఈ చెయ్యి ఎప్పట్నుంచి ఆడటం లేదు?"

ఆమె విసిగి తాళంచెవి పారేసిందో, వేలు చచ్చుబడి జారిపోయిందో దర్జీకి తెలియదు. పిలుద్దామని నొక్కిందేమో, ఒంట్లో బాగా లేదని చెబుదామని నొక్కిందేమో, అదీ తెలియదు. అడిగి తెలుసుకునే దారి ఇక లేదు.

డాక్టరు వెళ్లాక మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నా మీద కోపమా?" అన్నాడు. ఆమె బొటనవేలిని మీట మీద ఆనించి, తన వేలితో అదిమాడు. కింద కారు ఒక్కసారి పలికింది.

ఆమె కళ్లు గోడ మీంచి కదల్లేదు. వదిన వచ్చి అతని భుజం పట్టుకుని, "లే మరిదీ, ఇక లే" అంది. అతను లేవలేదు.