నూనె ఫాదర్

గురుపట్టం తీసుకుని ఏడాది నిండకముందే ఫాదర్ రాజ్ కిరణ్‌కు ఎడపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఒక పేరు పడిపోయింది. నూనె ఫాదర్. ముఖాన ఎవరూ అనరు, వెనక అనని వాళ్లు లేరు.

పాపం, తప్పు ఆయనది కాదు. జబ్బుపడ్డ వాళ్ల నుదుటికీ అరచేతులకూ పవిత్ర తైలం రాసి ప్రార్థించేది వాళ్లకు ఊరట కలగాలని, దేవుడు దయతలిస్తే లేచి తిరగాలని. మన జనం మాత్రం డాక్టర్లు చేతులెత్తేసి, నోట్లో పోసిన నీళ్లు పక్కకు కారేదాకా ఫాదర్‌ను పిలవరు. పిలిచాక మనిషి ఎంతసేపుంటాడు? కాకి వాలడం, తాటిపండు పడటం. “మెథడిస్టోళ్ల పాస్టర్ ప్రార్థన జేస్తే లేసి కూసుంటరు, మనాయన నూనె వెడితే మన్నుకే” అని హోటల్ కాడ నవ్వులాట కూడా.

ఆదివారం చర్చిలో పూజ మధ్య ఆయన ఇదంతా విడమరిచి చెప్పాడు. అందరూ విన్నారు, తలలూపారు, ఇంటికెళ్లి జ్వరమొచ్చిన వాళ్లను ఫాదర్ కంట పడకుండా లోపలి గదిలో పడుకోబెట్టారు.

చర్చికి వచ్చే ముసలి ఎల్లవ్వ మంచం పట్టిందని తెలిసిన రోజు ఆయన ఊరూరా పూజలు ముగించి, చెరకు ట్రాక్టర్ల వెనక దుమ్ము మింగుతూ బండి మీద వచ్చాడు. నడుం విరిగిపోతోంది. ఆమె కొడుకు లాజరు గడపలోనే అడ్డం నిలబడ్డాడు.

“గుస్స గాకుండ్రి ఫాదర్. అవ్వ మంచిగనే ఉన్నది, పొద్దుగాల గటుక తాగింది. నూనె ఒద్దు.”

“నూనె పెట్ట లాజరన్నా. ఊకెనే చూసి పోత.”

“మిమ్ముల సూస్తెనే మాకు బుగులైతున్నది.”

లోపలి నుంచి సన్నటి గొంతు వినిపించింది. “ఎవలు బిడ్డా, ఫాదరా? లోపటికి రమ్మను.”

“ఎవ్వల్లేరవ్వా, పండుకో” అన్నాడు లాజరు, ఆయన కళ్లలోకి చూడకుండా.

పక్కకు జరుగు అని గట్టిగా అంటే లాజరు జరిగేవాడే. ఆ సంగతి రాజ్ కిరణ్‌కూ తెలుసు. కానీ ఆ పూటకు ఇంకొకరితో వాదించే ఓపిక ఆయనలో లేదు. ఉన్నమాట చెప్పాలంటే, వద్దన్నందుకు ప్రాణం హాయిగా ఉంది కూడా. “రేపొస్త” అని బండి తిప్పాడు.

పొద్దున్నే లాజరు ఫోన్ చేశాడు. ఎల్లవ్వ పోయింది.

ఆయన వెళ్లేసరికి లాజరు తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ కోపం లేదు, చిన్నపిల్లాడి బిత్తరచూపు ఉంది.

“రాత్రంత మిమ్ములనే అడిగింది ఫాదర్. పొద్దుగాల తోల్కొస్తనని చెప్పిన.” తల్లి కాళ్ల మీది దుప్పటి సర్ది, మెల్లగా అడిగాడు. “నేను నూనె వెట్టనియ్యలే గద. మరి అవ్వ ఎట్ల పోయింది?”

జవాబు రాజ్ కిరణ్ దగ్గర ఉంది. ఆదివారం అందరికీ చెప్పిన జవాబే. ఆయన లాజరు పక్కనే కింద కూలబడ్డాడు. ఆమె పిలుస్తూ గడిపిన ఆ రాత్రి, చాలా నెలల తర్వాత, ఆయన కంటినిండా నిద్రపోయాడు.