తోడికోడలు తెచ్చిన పాట

కళ్ళద్దాల షాపు వెనక గదిలో పనిచేసే పెద్దకోడలికి ఆ వీధిలో ఒక పేరుంది: ముందుచూపు. ఆ పేరు పెట్టింది పక్కనే బ్యూటీ పార్లర్ నడిపే ఆవిడ. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే మనిషి కాబట్టి సరదాకి పెట్టిన పేరే గాని, అందులో నిజమూ లేకపోలేదు. ఏ పాటైనా ఊరు ఊరంతా పాడుకోవడానికి నెల ముందే ఆమె ఫోన్‌లో ఉండేది. నీళ్ళలా రంగులేని ఫ్రేములు ఇంకా ఎవరూ అడగని రోజుల్లోనే ఆమె వాటిని ముక్కుమీద పెట్టుకుని తిరిగింది. అప్పుడు నవ్వినవాళ్ళే ఏడాది తిరగ్గానే వరసకట్టి కొనుక్కున్నారు.

గురువారం మధ్యాహ్నం పార్లర్‌లో బేరాలుండవు. ఆ గంటసేపు ముగ్గురూ అక్కడ చేరేవాళ్ళు: పార్లరావిడ, ఎదురుగా మందుల షాపులో పనిచేసే అమ్మాయి, పెద్దకోడలు. తిరిగే కుర్చీల్లో కూర్చుని టీ తాగుతూ, ఆ వారం తమకు దొరికిన కొత్తదేదో ఒకటి తలా చూపించాలి. పాట కావచ్చు, సీరియల్ కావచ్చు, స్కార్ఫ్ కట్టుకునే కొత్త ముడి కావచ్చు. అందరూ చెప్పాక చివర్న పెద్దకోడలు ఫోన్ తీసేది. ఆ చివరి వంతు ఆమెది అని ఎవరూ రాసివ్వలేదు గాని, అలాగే జరిగిపోయేది. వేరేవాళ్ళు తెచ్చినదాన్ని విని, "ఇదా, నాకు తెలుసులే" అని టీ ఊదుకుంటూ అనడం కూడా ఆమెకు అలవాటే.

మరిది పెళ్ళి చేసుకుని భార్యతో పైవాటాలోకి వచ్చాక అత్తగారు ఒకరోజు, "పెద్దమ్మాయీ, ఆ పిల్లకి ఇక్కడ ఎవరూ తెలీదు. నీతో పాటు తీసుకెళ్ళరాదూ" అంది. అలా చిన్నకోడలు గురువారాలకి రావడం మొదలుపెట్టింది. జిరాక్స్ షాపులో పని ఆమెది. వేళ్ళకి ఎప్పుడూ నల్లటి పొడి అంటుకుని ఉండేది. మాట్లాడేది తక్కువ. ఆర్నెల్ల పాటు ఏమీ తేలేదు, ఊరికే కూర్చుని వినేది. పెద్దకోడలు పాట పెట్టినప్పుడు మాత్రం నోరు కొంచెం తెరుచుకుని, కన్నార్పకుండా చూసేది. అలా చూసే మనిషి పక్కన ఉండటం పెద్దకోడలికి బాగానే ఉండేది.

ఏడో నెలలో ఒక గురువారం, వంతులన్నీ అయిపోయాక చిన్నకోడలు, "నేనొకటి పెట్టనా అక్కా?" అంది.

"పెట్టవే, అడుగుతావేంటి" అంది పార్లరావిడ.

ఫోన్ తెరమీద ఖాళీ బస్సు కనిపించింది. డ్రైవర్ సీట్లో యూనిఫాం చొక్కాతో ఒక నలభయ్యేళ్ళ ఆవిడ. బయట వాన. ఆవిడ వైపర్ ఆన్ చేసింది. అది అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఆ చప్పుడునే తాళంగా పెట్టుకుని పాట అందుకుంది. చివరి సీట్లో ఎవరో మర్చిపోయి దిగిన గొడుగు గురించి పాట. ఆ గొడుగు మనిషి ఇప్పుడు ఏ వీధిలో తడుస్తూ నడుస్తోందోనని బస్సు దిగులుపడటం. పెద్ద గొంతేమీ కాదు. పైకి వెళ్ళేచోట కొంచెం బొంగురుపోయింది కూడా. కానీ పాట అయ్యేసరికి మందుల షాపు అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. పార్లరావిడ టీ కప్పు పట్టుకున్నదల్లా అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"ఎవరే ఈవిడ?"

"ఏదో ఊళ్ళో బస్సు డ్రైవరంట. డ్యూటీకి ముందు డిపోలో కూర్చుని పాడుకుంటుంది. నాలుగు పాటలే ఉన్నాయి. రెండొందలమంది కూడా వినలేదు."

"ఇంకోసారి పెట్టు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పెద్దకోడలు టీ ఊదుకోవడం ఆపేసింది. ఆ పాట ఆమెకి నచ్చింది. నచ్చిందంటే మామూలుగా కాదు, తను ఇన్నేళ్ళుగా వెతుకుతున్నది ఇదేనేమో అన్నంతగా నచ్చింది. అదే ఆమెకి మంట. పనికిమాలిన పాటైతే నవ్వేసి ఊరుకునేది. "ఆ, విన్నానెప్పుడో" అంది.

చిన్నకోడలు ముఖం చిన్నబోయింది. "విన్నావా అక్కా?"

"ఏమో, ఎక్కడో."

ఆ వారమంతా పార్లర్‌లో అదే పాట. జుట్టు కత్తిరించుకోడానికి వచ్చినవాళ్ళందరికీ పార్లరావిడ వినిపించింది. "మా చిన్నమ్మాయి కనిపెట్టింది" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పింది. ఆ మాట గోడకి ఇవతల, అద్దాల మిషన్ దగ్గర కూర్చున్న పెద్దకోడలికి స్పష్టంగా వినబడేది. మిషన్ మోత ఆగినప్పుడల్లా ఇంకా స్పష్టంగా. ఒకరోజు ఆ ధ్యాసలోనే కుడికంటి అద్దం ఎడమకి, ఎడమది కుడికి బిగించేసింది. మర్నాడు ఆ కళ్ళద్దాల పెద్దాయన తలపోటుతో తిరిగొచ్చి, "మెట్లు కనబడ్డచోట లేవమ్మా" అన్నాడు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆమె అలాంటి పొరపాటు చేయలేదు.

ఇంట్లో మాత్రం స్నానాలగది తలుపు వేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ నాలుగు పాటలూ మళ్ళీ మళ్ళీ వినేది. గొడుగు పాటని ఫోన్‌లోకి దించుకుంది కూడా. పాట వింటున్నంతసేపూ హాయిగా ఉండేది. అవ్వగానే, ఇది ముందు దానికెందుకు దొరకాలి అనిపించేది. కాగితాలు జిరాక్స్ తీసుకునే పిల్లకి.

మూడో గురువారం మందుల షాపు అమ్మాయి నవ్వుతూ, "ముందుచూపు పేరు ఇంక చిన్నమ్మాయికి మార్చెయ్యాలి" అంది. సరదాకే అంది. పార్లరావిడ కూడా నవ్వింది. చిన్నకోడలు మాత్రం కంగారుగా, "అయ్యో, అదేం లేదు" అంది. ఆ కంగారు చూస్తే పెద్దకోడలికి ఇంకా ఒళ్ళు మండింది. జాలి పడుతోందనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచి కూడా తినకుండా, ఊరూ పేరూ లేని ఒక ఖాతా తెరిచి, గొడుగు పాట కింద ఇలా రాసింది: "బాణీ బాగుంది గానీ సొంతది కాదు కదా. పాత పాటలోంచి ఎత్తేసి సొంతమని చెప్పుకోవడం ఎందుకో."

ఏ పాత పాట అని ఆమెకే తెలియదు. అలాంటిదేదీ లేదు. రాశాక ఛాతీలో ఏదో సడలినట్టు, ఆకలి వేసినట్టు అనిపించి, డబ్బా ఖాళీ చేసింది.

సాయంత్రానికి ఆ మాట కింద ఇంకో పదిమంది చేరారు. "అవును, నేనూ విన్నాను" అన్నాడొకడు. "దొంగ పాటకి బస్సు వేషం" అని ఇంకొకడు. మర్నాటికి అవి యాభై దాటాయి. మూడోరోజు బస్సావిడ జవాబు పెట్టింది. "ఇది మా అమ్మ పనిచేసుకుంటూ తీసే కూనిరాగం. దానికి మాటలు నేను కట్టాను. అమ్మ ఇప్పుడు లేదు. ఎక్కడినుంచీ ఎత్తలేదండీ." అంతే రాసింది. దానికీ వెక్కిరింపులే వచ్చాయి.

పెద్దకోడలు ఆ జవాబుని అద్దాల మిషన్ ముందు నిలబడి చదివింది. తను రాసింది చెరిపేద్దామని వేలు పెట్టి, వెంటనే తీసేసింది. చెరిపితే ఎవరికైనా తెలుస్తుందేమోనని భయం. రేపు చూద్దాంలే అనుకుంది. తెల్లారేసరికి నాలుగు పాటలూ లేవు. బస్సావిడ పేజీ మొత్తం ఖాళీ. అక్కడ ఉత్తరం పంపుకునే చోటొక్కటి మిగిలింది.

ఆ గురువారం పార్లర్ చావింటిలా ఉంది. చిన్నకోడలు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఎన్నిసార్లు చూసినా అంతే అని తెలిసీ మళ్ళీ మళ్ళీ చూసుకుంటోంది.

"దించుకుని పెట్టుకోలేదా నువ్వు?" అంది పార్లరావిడ.

"ఎక్కడికి పోతుందిలే అనుకున్నా."

"ముందుచూపూ, నీ దగ్గరన్నా లేదా?"

ఉందని చెబితే ఏమవుతుందో పెద్దకోడలికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అందరి చూపూ మళ్ళీ తనవైపు తిరుగుతుంది. తప్పని తెలిసే ఫోన్ తీసింది. వైపర్ చప్పుడు మొదలయ్యేసరికి పార్లరావిడ కుర్చీలోంచి లేచి వచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది. "అందుకే కదే నీకా పేరు పెట్టాను." మందుల షాపు అమ్మాయి చేతులు జోడించింది. చిన్నకోడలు దగ్గరికొచ్చి, నల్లపొడి అంటిన చేతులతో ఆమె మెడ చుట్టూ వాటేసుకుంది.

సాయంత్రం పనులయ్యాక ఇద్దరూ కలిసే ఇంటికి బయల్దేరారు. దారిలో చిన్నకోడలు తనంతట తనే మాట్లాడింది. అంత పొడుగ్గా ఆమె మాట్లాడటం పెద్దకోడలు ఎప్పుడూ వినలేదు.

"అక్కా, ఆ పాట నీకోసమే వెతికా తెలుసా. నువ్వేమో అన్నీ విన్నానంటావు. నీకు తెలీనిదొకటి తేవాలని ఆర్నెల్లు వెతికా. జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడి రోజూ అదే పని. దొరికినరోజు ఎంత సంతోషమేసిందో. నువ్వు విన్నానన్నావు. సరేలే, మన ఇద్దరికీ ఒకటే నచ్చిందిగా అనుకున్నా. నాకు ఈ ఊళ్ళో నువ్వు తప్ప ఎవరున్నారు."

పెద్దకోడలు వీధి మలుపు దాకా నడిచింది. అక్కడ ఆగింది.

"నేను వినలేదు."

"ఏంటక్కా?"

"ఆ రోజు నువ్వు పెట్టినప్పుడే మొదటిసారి వినడం. విన్నానని అబద్ధం చెప్పా." ఊపిరి తీసుకుంది. "దొంగ బాణీ అని మొదట రాసింది కూడా నేనే."

చిన్నకోడలు ఆమె ముఖంలోకి చూసింది, వేళాకోళమేమోనని. కాదని అర్థమయ్యాక, "ఎందుకు?" అంది.

"నువ్వు తెచ్చావని."

"నేను తెచ్చింది నీకే కదా" అంది చిన్నకోడలు. ఆ తర్వాత ముందుకి నడిచి వెళ్ళిపోయింది. పెద్దకోడలు వెనకాలే, ఇరవై అడుగుల దూరంలో నడిచింది.

ఆ మర్నాడు ఆమె సొంత పేరుతో, సొంత ఫోటోతో బస్సావిడకి ఉత్తరం రాసింది. మూడుసార్లు రాసి కొట్టేసింది. మొదటి మూడింట్లోనూ తన బాధ ఎక్కువైపోయింది. నాలుగోదాంట్లో జరిగింది జరిగినట్టు పెట్టింది: మొదటి మాట తనదేనని, అది అబద్ధమని, ఆ పాటని ఆర్నెల్లు వెతికి తెచ్చింది తన తోడికోడలని, కారణం కుళ్ళు తప్ప ఏమీ లేదని. తన దగ్గర గొడుగు పాట ఉందని కూడా చెప్పింది. ఏం చెయ్యమంటే అది చేస్తానంది.

పార్లరావిడకీ చెప్పేసింది. ఆవిడ దువ్వెనలు కడుగుతూ అంతా విని, "కుళ్ళు నాకూ ఉందే తల్లీ. పైవీధిలో కొత్త పార్లర్ పెట్టినప్పుడు నెలరోజులు నిద్రపోలేదు. కానీ వెళ్ళి దాని అద్దాలు పగలగొట్టలేదుగా" అంది. తర్వాత టీ పోసిచ్చింది గాని, ఎప్పటిలా పక్కన కూర్చోలేదు.

ఇంట్లో చిన్నకోడలు అవసరమైన మాటలే మాట్లాడేది. "అత్తయ్యగారు పిలుస్తున్నారు." "నీళ్ళొచ్చాయి." అక్కా అనే మాట మానేసింది. అత్తగారు కనిపెట్టి, "మీ ఇద్దరికీ ఏమైందే?" అని అడిగితే, "తప్పు నాదే అత్తయ్యా" అంది పెద్దకోడలు. కోడలి నోట అత్తగారు ఆ మాట వినడం అదే మొదటిసారి.

ఐదురోజులకి జవాబు వచ్చింది.

"చదివాను. కోపం లేదని రాద్దామనుకున్నా, కానీ ఉంది. పాటలు మళ్ళీ పెట్టను. డిపోలో పాడుకుంటున్నాను, నాకది చాలు. మీ దగ్గరున్న పాట మీ తోడికోడలికి ఇచ్చి మీ ఫోన్‌లోంచి తీసేయండి. ఆవిడ వెతుక్కుని విన్న మనిషి. ఇంకెవరికీ పంపొద్దని చెప్పండి."

పెద్దకోడలు పైవాటా మెట్లెక్కి తలుపు తట్టింది. చిన్నకోడలు తడిచేతులతో వచ్చింది. ఆమెకి ఉత్తరం చూపించింది. చిన్నకోడలు నిలబడే రెండుసార్లు చదివి, చేతులు తుడుచుకుని తన ఫోన్ తెచ్చింది. పాట ఇటునుంచి అటు వెళ్ళడానికి ఎంతోసేపు పట్టలేదు. తర్వాత పెద్దకోడలు ఆమె చూస్తుండగానే తన ఫోన్‌లోది తీసేసింది. తీసేయమంటావా అని ఫోన్ అడిగింది. అవునని నొక్కింది. ఆ వేలు పెట్టేటప్పుడు, ఇకమీదట ఈ పాట దానొక్కదానిదే అన్న పాత మంట ఒక్కసారి లేచింది. ఇంత జరిగినా తను ఇంకా అదే మనిషని సిగ్గేసింది.

"ఇంకెప్పుడూ వినలేవు" అంది చిన్నకోడలు.

"వినలేను."

"నాకు వినిపించమని అడగొద్దు."

"అడగను."

చిన్నకోడలు గుమ్మం పట్టుకుని, "రేపు గురువారం" అంది. "నేను వెళ్తాను. నీకోసం మాననక్కర్లేదుగా. నువ్వూ రా. కానీ కలిసి వెళ్ళొద్దు. నువ్వు ముందెళ్ళు, నేను కాసేపాగి వస్తా."

పెద్దకోడలు సరేనంది. ఆ ఏడాదంతా వాళ్ళు పార్లర్‌కి విడివిడిగానే వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, వాన పడ్డరోజుల్లో, ఇరవై అడుగుల దూరం కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది.