పొయ్యి పక్క సీటు

యుద్ధం వల్ల పెట్రోలు దొరక్కుండా పోయాక, కామారెడ్డిలోని మా కార్ఖానా బస్సుల వెనక బిగించే బొగ్గు పొయ్యిలు తయారుచేసేది. వాటిలో పుట్టే గ్యాసుతో బస్సులు నడిచేవి. యజమాని మార్కండేయ. నేను మేనేజర్ని.

ఎల్లారెడ్డి బస్సులో పొయ్యి మూత ఎగిరిపడి, వెనక సీట్లో కూర్చున్న గంగామణి చెయ్యి మోచేతి దాకా కాలింది. మూత సరిగా పట్టడం లేదని డ్రైవరు యాకూబు అంతకుముందే కార్ఖానాకు వచ్చి చెప్పాడు. "దసరా గిరాకి అయిపోనీ, చూద్దాం" అన్నాడు మార్కండేయ, నా ఎదుటే. ఇప్పుడేమో యాకూబే బొగ్గు ఎక్కువ పోశాడని ఎల్లారెడ్డి పోలీసు అమీన్‌తో చెప్పబోతున్నాడు. అదే జరిగితే యాకూబుకు జైలు తప్పదు. సాక్షిగా నన్నూ వెంట రమ్మన్నాడు మార్కండేయ.

వెళ్లడానికి మా పొయ్యి బిగించిన ఇంకో బస్సే దొరికింది. వేరే డ్రైవరు లేక దాన్నీ యాకూబే నడుపుతున్నాడు. అతని మీద నమ్మకం లేక, బొగ్గు కొలిచి పోస్తుంటే మార్కండేయ దగ్గరే నిలబడి చూశాడు.

లోపల ముందు సీట్లో గంగామణి తల్లి సాలవ్వ కూర్చుని ఉంది, ఆమె కూడా అమీన్ దగ్గరికే. సేటును చూసినా జరగలేదు.

"ఎన్క జాగ ఉన్నది, సేటు."

"ఎన్క పొగ, అవ్వా."

"నా బిడ్డకైతే మంటనే దొరికె. కొత్త బండి చేసిన వడ్లాయన ముందుగాల తన పిల్లల్ని ఎక్కిచ్చుకొని ఊరు తిరిగొస్తడు. గప్పుడే బండి ఇస్తడు. నువ్వు నీ పొయ్యి పక్కన ఒక్కనాడన్న కూసున్నవా?"

"సేటుకు సలి పెడ్తలేదవ్వా, పొయ్యి కాడికెందుకు తోలుతవ్?" అన్నారెవరో. బస్సంతా నవ్వింది.

మార్కండేయ ముఖం ఎర్రబడింది. వెళ్లి వెనక కూర్చున్నాడు. పక్కన నేను.

బస్సు కదిలినప్పటి నుంచి అతని కాలు ఊగుతూనే ఉంది. రుమాలు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. మూత టకటకమన్నప్పుడల్లా నా మోకాలు పట్టుకున్నాడు.

"మేనేజర్ సాబ్, గిది ఎప్పుడూ గిట్లనే కొట్టుకుంటదా?"

"యాకూబు చెప్పింది ఇదే." అన్నాను నేను.

లింగంపేట దాటి ఎత్తు ఎక్కుతుండగా మూత సందులోంచి సన్నని మంట నాలుక చాపింది.

"ఆపు! ఆపురా యాకూబూ!"

బస్సు పూర్తిగా ఆగకముందే మార్కండేయ దూకి దుమ్ములో పడ్డాడు. యాకూబు పరుగున వచ్చి పొయ్యికి గాలి అందకుండా మూసేశాడు. మంట ఆరింది. ఆ తర్వాత అతను చేసిన మొదటి పని, చెంబుతో నీళ్లు తెచ్చి మార్కండేయకు ఇవ్వడం.

"ఏం గాలే సేటు, తాగు."

నవ్వే హక్కు ఎవరికైనా ఉందంటే అతనికే. అతను నవ్వలేదు.

సాలవ్వ కిటికీలోంచి తల బయటపెట్టింది. "బొగ్గు నీ కండ్ల ముందటనే పోసిరి గదా. మరి గిదేంది?"

మార్కండేయ లేచి బట్టల దుమ్ము దులుపుకున్నాడు. పొయ్యి చల్లారాక యాకూబు మూతను తీగతో కట్టి, మళ్లీ రాజేశాడు. మార్కండేయ ఎక్కి, ఎవరూ చెప్పకుండానే మళ్లీ వెనకే కూర్చున్నాడు.

అమీన్ ముందు అతని మాట తడబడింది. "తప్పు నాది. మూత సంగతి యాకూబు ముందే చెప్పిండు. నేనే ఆగుమన్న. మా పొయ్యిలున్న బస్సులన్నీ ఇయ్యాల్టి నుంచే ఆపాలె."

యాకూబు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

బయటికి వచ్చాక తిరిగి వెళ్లడానికి బస్సు లేదు. సాలవ్వ ఒక ఎడ్లబండి మాట్లాడింది. మార్కండేయ దూరంగా నిలబడ్డాడు.

"బిడ్డ చెయ్యి ఎట్లున్నది, అవ్వా?"

"నీ మాటతోని మానుతదా? ఎక్కు. ముందట కూసో."

అతను ముందు వైపు కూర్చున్నాడు. అయినా ఆ కాలు మాత్రం కామారెడ్డి దాకా ఊగుతూనే ఉంది.