పరదా కింద వైరు

1999 డిసెంబరు 5, ఆదివారం. ఆ మధ్యాహ్నం హుమాయూన్ ఇంట్లో పలావు, దాల్చా. దాల్చాలో సొరకాయ ముక్కలు ఎప్పటికంటే పెద్దవి పడ్డాయి. ఆయన భార్య మెహబూబ్ బీ ఆ రోజు తొందర్లో ఉంది. భోజనాలు కాగానే రిపేరు షాపు జక్కయ్య ఆట పెట్టెల వైరు పట్టుకొస్తానన్నాడు.

రెండున్నరేళ్లు గడిచినా హుమాయూన్‌కి ఆ తేదీ, ఆ సొరకాయ ముక్కలు నిన్నటి సంగతిలా గుర్తు. ఆమె పోయిన తేదీ ఎవరైనా అడిగితే మాత్రం కాస్త తడుముకుంటాడు. ఏది దాచుకోవాలో, ఏది జారవిడవాలో మనసే చూసుకుంటున్నట్టుంది, అదీ ఒకందుకు మంచిదే అనుకుంటాడు.

ఆయన బీయస్సీ చదివి, ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశాడు. ఆ ఆఫీసు మూతపడ్డాక భవానీపురంలో తన ఇంటి ముందు గదిలోనే వీడియో గేముల షాపు తెరిచాడు. రెండు టీవీలు, మద్రాసు బర్మాబజారు నుంచి తెప్పించిన రెండు ఆట పెట్టెలు. బూడిద రంగువి, బరువైనవి. పైన మూత ఎత్తి సీడీ పెట్టాలి.

మెహబూబ్ బీకి ఒక అలవాటుండేది. ఏ వస్తువునైనా తిరగేసి చూడందే గడప దాటనిచ్చేది కాదు. చీర కొంటే వెనకవైపు దారాలు చూసేది. వంకాయలు ఏరితే తొడిమ కింద చూసేది. స్టీలు గిన్నె అడుగున వేలితో కొట్టి చెవి పెట్టేది. ఆట పెట్టెలు వచ్చిన రోజున వాటినీ అటు తిప్పింది.

"వెనక ఈ బెజ్జం దేనికండీ?"

"ఏదో ఉంటుందిలే."

"ఏదో ఉంటే ఎందుకు పెడతారు? పెట్టె మొత్తం కొన్నాం కదా, బెజ్జం మాత్రం మనది కాదా? ఆ జక్కయ్యని అడగండి."

వన్‌టౌన్‌లో రిపేరు షాపు నడిపే జక్కయ్య చెప్పాడు: దానికొక వైరు ఉంటుంది, ఆ వైరుతో రెండు పెట్టెల్ని కలిపితే ఇద్దరు మనుషులు ఎవరి టీవీ వాళ్లు చూసుకుంటూ ఒకే రేసు ఆడొచ్చు. ఆమె రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజున ముందు గదికీ పక్క గదికీ మధ్య ఉన్న తలుపు ఊడదీయించి ఆకుపచ్చ పరదా కట్టింది. ఒక టీవీ, ఒక పెట్టె పరదా లోపలికి జరిపించింది. ఆ గదికి వెనక సందులోంచి వేరే తలుపు ఉంది. దాని మీద అట్టముక్క తగిలించి 'ఆడపిల్లలకు' అని రాయించింది.

"ఈ వీధిలో మగపిల్లలే పిల్లలా?" అంది, ఆయనేమీ అడక్కపోయినా.

వైరు పరదా కిందనుంచి వెళ్లింది. కాలికి తగలకుండా దానికొక ప్లాస్టిక్ గొట్టం తొడిగారు. సందు తలుపు, పరదా, లోపల ఎప్పుడూ మెహబూబ్ బీ ఉండటం చూసి తల్లులు పిల్లల్ని పంపారు. ఆ వీధిలోనే ఉండే హఫ్సా కూతురు ఆస్రా, ఆమె క్లాసు పిల్లలు, మలుపులో ఉండే పద్మావతమ్మ గారి మనవరాళ్లు వచ్చేవాళ్లు. లోపల ఎవరున్నారని బయటివాళ్లు అడగకూడదు. బయట ఎవరున్నారని లోపలివాళ్లు అడగకూడదు. అదొక్కటే షరతు.

బయటి గదిలో అందరికంటే బాగా ఆడేది నాసిర్. ముప్పై ఏళ్లవాడు, ఆటో నడుపుతాడు. బేరం లేనప్పుడు ఆటోని గోడ పక్కన ఆపి వచ్చి కూర్చునేవాడు. మొదట్లో లోపలున్నది ఎవరో ఆడపిల్ల కదా అని బ్రేకు వేసి వదిలేసేవాడు. అలా మూడుసార్లు ఓడి, బయట కుర్రాళ్ల ముందు నవ్వులపాలయ్యాడు. నాలుగోసారి నుంచి అతనికి ఆడపిల్ల గుర్తు లేదు, ఎదురుగా ఉన్న ఎర్ర కారే గుర్తు.

ఆ ఎర్ర కారు ఆస్రాది. అప్పటికి పదిహేనేళ్లు.

మెహబూబ్ బీ పోయి పదహారు నెలలైంది. ఇప్పుడు లోపలి గదిలో పక్కింటి అమలమ్మ జాకెట్లు కుట్టుకుంటూ కూర్చుంటుంది. పిల్లలు మానలేదు. హుమాయూన్ తన అదృష్టాల్లో దాన్నొకటిగా జమ వేసుకున్నాడు.

2002 మే నెలలో విజయవాడ ఎండలకి మనుషులే నిలవలేకపోయారు, పెట్టెలెలా నిలుస్తాయి? గంట ఆడేసరికి పెట్టె మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లు. సీడీని చదివే లెన్సు వేడికి తడబడేది, బొమ్మ గడ్డకట్టినట్టు ఆగిపోయేది. వైరు కట్టిన పెట్టెలు ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి. లోపలిది తడబడితే బయటిదీ ఆగేది, బయటిది తడబడితే లోపలిదీ ఆగేది. కుర్రాళ్లు విసుక్కుని వెళ్లిపోవడం మొదలుపెట్టారు.

"ఎన్నాళ్లని అతుకులేస్తాను సాయిబు గారూ?" అన్నాడు జక్కయ్య. "కొత్త మోడలు చూడండి. ఆట అదే, సీడీలు అవే. కంపెనీవాడు కరెంటు భాగాన్ని తీసి బయట అడాప్టర్‌లో పెట్టాడు, ఇక లోపల వేడెక్కడిది? సగానికి సగం చిన్నదైంది. పాత రెండూ నాకిచ్చేయండి, కొత్తవి రెండు పట్టుకెళ్లండి."

కొత్త పెట్టె తెల్లగా, మూలలు గుండ్రంగా, అన్నం డబ్బా అంత ఉంది. జక్కయ్య దాన్ని రెండు గంటలుగా నడుపుతున్నాడు. హుమాయూన్ అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. పదహారు నెలలుగా ఒక్క వస్తువూ ఆయన చేతికి అంత నెమ్మదిగా తగల్లేదు. ఇంకేమీ చూడలేదు. పాతవి అక్కడే వదిలి, కొత్తవి రెండూ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాడు.

ఇంటికొచ్చి, టీవీ వైర్లు తగిలించి, పరదా కింద గొట్టంలోంచి ఆ వైరు కొస లాగి, పెట్టె వెనక్కి తిప్పాడు.

బెజ్జం లేదు.

రెండో పెట్టె తిప్పాడు. దానికీ లేదు. వైరు కొసని చేతిలో పట్టుకుని అలాగే నేల మీద కూర్చున్నాడు. తిరగేసి చూసే మనిషి ఇంట్లో లేదన్న సంగతి, ఇన్ని నెలల్లో, ఆయనకి ఇంత కొట్టొచ్చినట్టు ఎప్పుడూ తెలియలేదు.

మర్నాడు నాసిర్ వచ్చి సంగతంతా విని, గడ్డం గోక్కున్నాడు. "ఇందులో ఏముంది భాయ్? ఒక్క పెట్టెకే రెండు రిమోట్లు తగులుతాయి. టీవీ బొమ్మ పైన సగం నాకు, కింద సగం ఆ ఎర్ర కారుకి. పరదా కాస్త పక్కకి జరిపితే సరిపోతుంది. అమలమ్మ గారు మధ్యలో కూర్చుంటారు. నాకూ ఇద్దరు చెల్లెళ్లున్నారు, నా సంగతి మీకు తెలియదా?"

"తెలుసయ్యా. వాళ్లని అడిగి చెబుతాను."

సాయంత్రం ఆస్రా సందు తలుపు దగ్గరే నిలబడి విన్నది. ఇంటరు రెండో ఏడు. మనిషి సన్నగా ఉన్నా మాట కచ్చితంగా ఉంటుంది.

"అమ్మ ఒప్పుకోదు చాచా."

"హఫ్సాతో నేను మాట్లాడతానమ్మా. నాసిర్ మంచివాడు."

"అమ్మ ఒప్పుకున్నా నేను ఆడను. ఆయన మంచివాడే, అదే చిక్కు. పక్కన కూర్చుంటే బ్రేకు వేస్తాడు."

"వెయ్యొద్దని చెబుదాం."

"చెబితే వేసినట్టు కనపడకుండా వేస్తాడు." ఆమె గుమ్మం మీద గోటితో గీస్తూ ఉంది. "ఇంట్లో మామయ్యలు క్యారమ్స్‌లో కావాలని ఓడిపోతారు. కాలేజీలో సార్ నన్ను ప్రశ్న అడిగి, జవాబు కూడా ఆయనే చెబుతాడు. ఇక్కడొక్కచోటే చాచా, నన్నెవరూ గెలిపించరు. వాళ్లకి కారు కనపడుతుంది. నేను కనపడితే ఇంక కారు కనపడదు."

లోపల అమలమ్మ మిషను ఆపింది.

"పోనీలెండి. ఆడపిల్లలం ఆడపిల్లలమే ఆడుకుంటాం," అని ఆస్రా వెళ్లిపోయింది. ఆ పోనీలెండి అన్నమాటే ఆయనకి రాత్రంతా చెవిలో ఉండిపోయింది.

ఎందుకంటే ఆ మాట ఆయన అంతకుముందు ఒకసారి విన్నాడు. మెహబూబ్ బీ కూడా ఆడేది. మధ్యాహ్నం షాపు మూసి ఉన్న గంటలో ఆమె పరదా లోపల, ఆయన బయట. ఆమె బండి నడిపే తీరు వంట చేసే తీరులాగే ఉండేది, నిదానంగా మొదలై చివర్లో దడదడలాడించేది. ఆయన్ని చాలాసార్లు ఓడించింది. జబ్బు ముదిరాక వేళ్లు వాచిపోయాయి. 2000 నవంబరులో ఒక రోజు, ఆఖరి మలుపులో ఆయన బ్రేకు వేశాడు. ఆమె కారు గీత దాటింది. పరదా లోపల చాలాసేపు చప్పుడు లేదు.

"బ్రేకు వేశారు కదూ?"

"లేదు. నువ్వే బాగా ఆడావు."

"పోనీలెండి," అంది. ఇంక ఎప్పుడూ ఆడలేదు. నలభై రోజుల తర్వాత పోయింది. ఆమెకి ఎన్నో సేవలు చేశాడు. కాళ్లు పట్టాడు, గంజి తాగించాడు, తల దువ్వాడు. అవన్నీ ఆమె తీసుకుంది. ఆ ఒక్క గెలుపు మాత్రం తీసుకోలేదు.

పొద్దున్నే కొత్త పెట్టెలు రెండూ సంచిలో వేసుకుని వన్‌టౌన్ వెళ్లాడు. జక్కయ్య అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు.

"పాతవి ఇచ్చేయి జక్కయ్యా."

జక్కయ్య షట్టరు సగంలోనే ఆపాడు. "కొత్తవి ఇచ్చి పాతవి అడిగిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. వీటికేమైంది?"

"వెనక బెజ్జం లేదు."

"అదా! ఆ వైరు ఎవరు వాడుతున్నారండీ? లక్షమందిలో ఒక్కరుంటారేమో. చిన్నది చెయ్యాలి, చల్లగా ఉండాలి, చవగ్గా రావాలి అంటే ఏదో ఒకటి తీసెయ్యాలి కదా. ఎవరికీ అక్కర్లేనిది చూసి తీసేశాడు కంపెనీవాడు. వాడి తప్పేముంది?"

"తప్పని నేననడం లేదు. ఆ ఒక్కరం మేమే. తెలియక ఒప్పుకున్నాను."

జక్కయ్య ఆయన మొహంలోకి చూశాడు. మెహబూబ్ బీ వైరు కోసం ఎన్నిసార్లు తన కొట్టు మెట్లెక్కిందో అతనికి గుర్తొచ్చినట్టుంది. లోపలికెళ్లి పాత పెట్టెలు రెండూ బల్ల మీద పెట్టాడు. ఒకటి విప్పి ఉంది.

"దీని లెన్సు నిన్న రాత్రే ఇంకోదానికి వేసేశాను సాయిబు గారూ. ఒక ముసలి లెన్సు ఉంది, వేసిస్తాను. కానీ లెన్సు జరిగే పట్టాలు అరిగిపోయాయి, అది కిందికి జారుతుంది. పెట్టెని బోర్లా పెడితేనే చదువుతుంది. అప్పుడు కూడా మధ్యలో ఆగొచ్చు. ఎండాకాలం గంటకోసారి ఆపి చల్లార్చాలి. ఏడాది వస్తుందో, ఆరునెల్లు వస్తుందో నేను చెప్పలేను. మళ్లీ అడగొద్దు, ఇలాంటివి ఇక రావు."

"ఉన్నన్నాళ్లు ఉండనీ."

"మీ ఇష్టం," అని జక్కయ్య స్క్రూ డ్రైవరు అందుకున్నాడు. గంటన్నర పని చేశాడు. వెళ్లేటప్పుడు ఇంకో పాత లెన్సు కూడా కాగితంలో చుట్టి సంచిలో పడేసి, "దీని ధర అడక్కండి, ఊరికే," అన్నాడు.

బోర్లా పెట్టాల్సిన పెట్టెని హుమాయూన్ బయటి గదిలో పెట్టాడు. మూత కిందికి పోయింది కాబట్టి నాలుగు పక్కలా చెక్కముక్కలు పెట్టి ఎత్తు చేశాడు. వెనక బెజ్జంలోకి వైరు నొక్కితే టక్కుమంది. ఆ చప్పుడు లోపలి గదిలోకీ వినిపించింది. అమలమ్మ మిషను మీంచి తలెత్తి, "వచ్చేసిందా అన్నయ్య గారూ?" అంది.

సాయంత్రం నమాజు అయ్యాక నాసిర్ వచ్చాడు. బోర్లా పడుకున్న పెట్టెని చూసి నవ్వాడు. "ఏం భాయ్, దీనికి నడుం నొప్పా?"

"నవ్వకు. ఆగితే ఓపిక పట్టు."

"లోపల ఎర్ర కారేనా?"

"అడగకూడదు."

"సరే సరే."

రేసు మొదలైంది. మొదటి చుట్టు ఎర్ర కారు ముందు, రెండో చుట్టు నాసిర్ ముందు. మూడో చుట్టులో వంతెన దగ్గర బొమ్మ ఆగిపోయింది. కార్లు రెండూ గాలిలో అలాగే నిలిచాయి. హుమాయూన్ పరదా పక్కన నిలబడి రెండు టీవీలూ చూస్తున్నాడు, రెండింట్లోనూ ఒకటే నిశ్శబ్దం. ఎవరూ విసుక్కోలేదు. ఒకటి, రెండు, మూడు అని ఆయన లోపల్లోపల లెక్కపెట్టుకుంటుండగా పెట్టె గొణిగింది, బొమ్మ కదిలింది.

ఆఖరి మలుపుకి ఇద్దరూ ఆనుకుని వచ్చారు. నాసిర్ కుర్చీలోంచి లేచిపోయాడు. ఒక చెప్పు ఎటో పోయింది. పళ్లు బిగబట్టి బొటనవేలు తెల్లబడేలా నొక్కాడు. కారు ముక్కు అంత తేడాతో గీత దాటాడు.

"అబ్బా!" అని కూలబడ్డాడు. గెలిచిన మనిషిలా లేడు, బతికి బయటపడ్డవాడిలా ఉన్నాడు. "ఎర్ర కారు చంపేసింది భాయ్. నా చెప్పెక్కడ?"

పరదా లోపల చప్పుడు లేదు. ఆ మౌనం హుమాయూన్‌కి తెలిసిన మౌనమే. లోపలికి వెళ్లాడు. ఆస్రా అప్పటికే సందు తలుపు దగ్గర నిలబడి ఉంది. దుపట్టా సర్దుకుంటూ ఆయన్ని సూటిగా చూసింది.

"చాచా, ఆయన బ్రేకు వేశాడా?"

"లేదమ్మా."

"నిజం చెప్పండి."

"లేచి నిలబడి ఆడాడు. చెప్పు పోగొట్టుకున్నాడు, ఇంకా బల్ల కింద వెతుక్కుంటున్నాడు. నా కళ్లతో చూశాను."

ఆమె ఆయన మొహం కాసేపు పరీక్షగా చూసింది. తర్వాత ఊపిరి వదిలింది. "అయితే నిజంగానే ఓడిపోయాను."

"నిజంగానే."

"వంతెన దగ్గర తొందరపడ్డాను. రేపు చూసుకుంటాను," అంది. వెళ్తూ వెళ్తూ చిన్నగా నవ్వింది. అమలమ్మ కత్తెర, దారపు ఉండలు సంచిలో వేసుకుని ఆమె వెనకే బయల్దేరింది. ఇద్దరూ మాట్లాడుకుంటూ సందు చివరి లైటు దాకా వెళ్లి మలుపు తిరిగారు.

హుమాయూన్ పరదా దాటి వచ్చి రెండు పెట్టెలూ ఆపాడు. బోర్లా ఉన్నదాని మీద చెయ్యి పెట్టాడు. కాలుతోంది. చల్లారేదాకా ఫ్యాను దానివైపు తిప్పి ఉంచాడు. ఆనక సందు తలుపు దగ్గరికి వెళ్లి, ఎండకి వంకర తిరిగిన అట్టముక్కని సరిచేసి, తలుపుని నెమ్మదిగా వేసి గడియ పెట్టాడు.