మూడో భవనంలో బొమ్మ రాలేదు

నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే ఆఫీసు నుంచి ఫోన్. మెడికల్ కాలేజీ మూడో భవనంలో బొమ్మ రావడం లేదట. పెద్ద డాక్టరు చేసే గుండె ఆపరేషన్ని అన్ని భవనాల క్లాసుల్లోనూ ఒకేసారి చూపించే నెట్‌వర్క్ మాది. కెమెరా ఒక్కసారే పంపుతుంది. దారి చీలిన చోటల్లా రౌటర్లు కాపీలు తీసి పంచుతాయి. దాన్నే మల్టీకాస్ట్ అంటారు. పదకొండింటికి ఆపరేషన్.

"నువ్వు లేకపోతే మునిగిపోతుందా ఆఫీసు?" అన్నాడు మా ఆయన, కాలరు మీద మిగిలిన ముడత చూపిస్తూ.

"వెళ్ళేదేదో కూర దించి వెళ్ళమ్మా," అంది అత్తయ్య. దించే వెళ్ళాను.

నేను ఆఫీసు చేరేసరికే మా సీనియర్ రెండుసార్లు స్విచ్ ఆపి మళ్ళీ వేశాడు. "కెమెరాదే తప్పు," అంటున్నాడు. నేను రౌటర్ లెక్కలు చూశాను. మేనేజర్‌తో చెప్పాను. "బొమ్మ మన రౌటర్ దాకా వస్తోంది సర్. రౌటరే పారేస్తోంది. నిన్న దారిని కొత్త లైను మీదికి మార్చారు, దాని మీద మల్టీకాస్ట్ ఆన్ చెయ్యలేదు. బొమ్మ పాత లైన్లోనే వస్తోంది. కెమెరాకి దారి కొత్త లైను కదా, ఇది పాత లైను నుంచి వచ్చిందేమిటని రౌటర్ వదిలేస్తోంది."

నిన్న మార్చింది సీనియరే. నవ్వాడు. "పింగ్ బాగానే వెళ్తోంది కదమ్మా! పొయ్యి కట్టేశావో లేదో అన్న ధ్యాసలో ఉన్నట్టున్నావ్." మేనేజరూ నవ్వాడు.

పింగ్ అంటే లైను పలుకుతోందో లేదో చూసే చిన్న పిలుపు, మామూలు డేటాకి ఏ ఇబ్బందీ లేదు కాబట్టే అది వెళ్తుంది, అంతమాత్రాన బొమ్మ వెళ్ళినట్టు కాదని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది నేను. ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళుగా ఇంతే. చుట్టాలొస్తే వండేది నేను, "మా అమ్మ చేతి వంట" అని వడ్డించేది మా ఆయన. జ్వరంతో పడుకుంటే "మావాడికి ఇవాళ టిఫిన్ కూడా లేదు" అని అత్తయ్య ఫోన్లో ఊరంతా చెబుతుంది. ఇంట్లో ఆఫీసు ధ్యాసట, ఆఫీసులో ఇంటి ధ్యాసట. నా బుర్ర ఎప్పుడు ఎక్కడుందో నాకు తప్ప అందరికీ తెలుసు!

ఇంకెవర్నీ అడగలేదు. కొత్త లైనుకి రెండు చివర్లా మల్టీకాస్ట్ ఆన్ చేశాను. పదకొండుకి నాలుగు నిమిషాలుండగా మూడో భవనంలో బొమ్మ పడింది.

మేనేజర్ వెంటనే పెద్ద డాక్టరు అసిస్టెంటుకి ఫోన్ చేశాడు. "మా సీనియర్ పట్టేశాడు సార్!" ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "రిపోర్టు రాసెయ్. లైను పాడైందని రాయి, చాలు. ఆయన ప్రమోషన్ దగ్గరపడింది. నీకా, ఎలాగూ ఇల్లుంది."

రాశాను. "దారి మార్చింది సీనియర్. కొత్త లైనుకి మల్టీకాస్ట్ ఆన్ చెయ్యడం మరిచిందీ ఆయనే. తప్పు కనిపెట్టిందీ, సరిచేసిందీ నేను." కింద నా పేరు పెట్టి, పెద్ద డాక్టరుతో సహా అందరికీ పంపాను.

మేనేజర్ పరుగున వచ్చాడు. "ఏమైంది నీకు? ఇంట్లో ఏమైనా గొడవా?"

"ఇంకా లేదు సర్," అన్నాను. "సాయంత్రం వెళ్ళాక మొదలుపెడతాను."