తూర్పు పక్క ఎర్రబురద

రెండో వరద వచ్చిన ఏడు జరిగింది ఇది. మొదటి వరదకు ఫ్యాక్టరీ వెనక ఎర్రబురద గుట్ట జారింది. అల్యూమినియం తీయగా మిగిలిన బురద అది. ఆ రోజు గుట్ట కింద కాపలా మా అన్నది. ఎంత తవ్వినా ఆయన దొరకలేదు. ఆయన కాపలా కాసిన తూర్పు పక్క ఒక రాయి పెట్టి వచ్చేశాం. తర్వాత ఫ్యాక్టరీ మూతబడింది. గుట్ట మిగిలింది, వదిన మిగిలింది.

రెండో వరద తీశాక మా వైపు వీధుల బోరు నీళ్ళు పరీక్ష చేశారు. విషం ఉందన్నారు. రుచి లేదు, వాసన లేదు. వదిన అరచేతుల్లో పని చేయకుండానే కాసిన కాయలు దానివల్లేనట. ఆ విషాన్ని పట్టి ఉంచే గుణం ఎర్రబురదకు ఉందట. పాత షెడ్డులో పని మొదలైంది. బురదలో సోడా ఘాటు పోయేదాకా కడగడం, గోలీలు చుట్టడం, బట్టీలో కాల్చడం, డ్రమ్ముల్లో నింపడం. పైనుంచి పోసిన నీళ్ళు కిందికి మంచివై వస్తాయి. నాది పార పని.

పై వీధులకు డ్రమ్ములు పెట్టాం. మా వీధి వంతు వచ్చేసరికి గోలీలు నీళ్ళలో చిట్లిపోసాగాయి. మంచి బురద అయిపోయింది, మిగతా గుట్టలో రెండో వరద ఇసుక కలిపేసింది. తూర్పు పక్క ఒక్కటే శుభ్రంగా ఉంది.

షెడ్డు మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు.

"మీ వదినమ్మను అడిగావా పెద్దాయనా?"

తల అడ్డంగా ఊపాను.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా ఏం? ఆవిడ వద్దంటే అక్కడ పార వెయ్యనివ్వను. మనిషి ఉన్న చోటు. కానీ మీ వీధి డ్రమ్ము ఖాళీగానే ఉంటుంది మరి."

సాయంత్రం వెళ్ళాను. వదిన గడపలో కూర్చుని చేతులకు నూనె రాసుకుంటోంది. గోడకు ఆనుకుని కూర్చున్నాను. రెండో చేతికి నూనె రాసుకుంటూ ఆమే అంది.

"గోడ పడిపోకుండా ఆపడానికి వచ్చావా, ఏమైనా చెప్పడానికి వచ్చావా?"

"తూర్పు పక్క తవ్వాలంటున్నారు వదినా."

చేతులు ఆగిపోయాయి.

"మీ అన్నని బట్టీలో కాల్చి, ఆయన మీదుగా వచ్చిన నీళ్ళు నన్ను తాగమంటావా?"

"ఎముక కనిపిస్తే పని ఆపి నీ దగ్గరికి తెస్తాను. నువ్వు వద్దంటే అసలు తవ్వం."

"ఇంతకాలానికి కనిపిస్తాయా?"

"తెలీదు."

ఎదురింటి పిల్ల బోరు కొడుతోంది. వదిన అటే చూసింది.

"దాని చేతుల్లోనూ మొదలయ్యాయి. చూశావా?"

"చూశాను."

బిందె నిండింది. పిల్ల ఎత్తుకుని వెళ్ళిపోయింది.

"మీ అన్నకి నిద్రంటే ఎంత పిచ్చో! సైరన్ చెవిలో కూసినా కదిలేవాడా? మొహాన నీళ్ళు కొడితే గానీ పనికి లేచేవాడు కాదు."

"ఒక్క చెంబు చాలేది కాదు" అన్నాను.

వదిన నవ్వింది. నవ్వుతూనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి తీయడానికి చాలాసేపు పట్టింది.

"పడుకున్నది చాల్లే. లేపు. మిషన్ పెట్టనివ్వకు. నువ్వే లేపు."

మర్నాడు తెల్లవారగానే పై వీధి డ్రమ్ము దగ్గర చెంబుతో మంచినీళ్ళు పట్టుకుని గుట్టకు వెళ్ళాను. రాయి పక్కకు తీసి, అక్కడ చల్లాను. మళ్ళీ వెళ్ళి ఇంకో చెంబు తెచ్చి చల్లాను. అప్పుడు పార ఎత్తాను.